ఒక చుట్టు తక్కువ

తుపాకీ వీపున కట్టుకుని, మంచులో స్కీల మీద పరిగెత్తే ఆట ఒకటి ఈ లోకంలో ఉందని నాకు నలభై దగ్గరపడే దాకా తెలియదు. తెలిశాక కూడా పదిమందిలో చెప్పడానికి మొహమాటపడేదాన్ని. షికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉండే నా స్నేహితురాలికి ఒకసారి ఫోన్లో ఓపిగ్గా వివరించాను. పరిగెత్తాలి, ఆగాలి, మంచులో బోర్లా పడుకుని ఐదు తూటాలు పేల్చాలి, మళ్ళీ పరిగెత్తాలి, ఈసారి నిలబడి ఐదు పేల్చాలి. అది అంతా విని, "సరేలే గానీ, చివరికి మీ పిల్ల ఏ దొంగని పట్టుకుంటుందే?" అంది. దాని కూతురు కూచిపూడి నేర్చుకుంటుంది. దానికేం, ఎన్నయినా అంటుంది.

మేముండేది అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రంలో ఉత్తరాన, కెనడా సరిహద్దు పక్కన. బంగాళాదుంపలు పండే ఊరు. మా ఆయన డాక్టరు. డాక్టర్లు దొరకని చోట మూడేళ్ళు పనిచేస్తే గాని వీసా దారికి రాదంటే ఇక్కడికొచ్చాం. అలా వచ్చిన మా వాళ్ళంతా గడువు తీరగానే మూటాముల్లె సర్దుకుని మనవాళ్ళెక్కువుండే ఫ్రిస్కోకో కమ్మింగ్‌కో వెళ్ళిపోయారు. మేం ఉండిపోయాం. ఎందుకని ఎవరైనా అడిగితే మా ఆయన ప్రశాంతత అంటాడు, నేను బద్ధకం అంటాను. ఆయన పనిచేసే ఆసుపత్రిలోనే ఫార్మసీలో నాకు ఉద్యోగం. కరివేపాకు కావాలంటే బోస్టన్ దాకా పోవాలి. అదొక్కటి తప్పితే ఊరికి వంక పెట్టడానికేమీ లేదు.

మాకు ఒక్కతే కూతురు. ఏడాదిలో సగం మంచు ఉండే ఊళ్ళో పిల్లల్ని ఇంట్లో కూర్చోబెడితే గోడలు కొరుకుతారు. అందుకని బడివాళ్ళే స్కీలిచ్చి బయటికి తోలేవారు. మా పిల్లకి ఆ మంచు ఎంత ఎక్కిందంటే, వేసవిలో కూడా చక్రాల స్కీలు వేసుకుని రోడ్డు మీద తిరిగేది. ఆరో తరగతిలో ఉండగా ఒకరోజు వచ్చి రైఫిల్ కూడా నేర్చుకుంటానంది. నేను ఒంటికాలి మీద లేచాను. ఆడపిల్లకి తుపాకీ ఏమిటి, మనమేమన్నా మిలిటరీ వాళ్ళమా, రేపు ఇండియా వెళితే అందరికీ ఏం చెప్పుకోవాలి అని నా నోటికొచ్చిందంతా అన్నాను. కూరగాయల కత్తి కాస్త పదునుగా ఉంటేనే భయపడే మనిషిని నేను. అది ఏడవలేదు, వాదించలేదు. వారం రోజులు నాతో మాట్లాడ్డం మానేసింది. చివరికి తాళం వేసే ఇనప బీరువా ఒకటి కొని, మా పడగ్గదిలో నా పట్టుచీరల బీరువా పక్కన పెట్టాం. ఆ తుపాకీ ఏడేళ్ళు అక్కడే ఉంది.

ఆ ఏడేళ్ళలో ఈ ఆటలో ఉన్న కిటుకంతా నాకు తెలిసొచ్చింది. పరిగెత్తి పరిగెత్తి గుండె గొంతులో కొట్టుకుంటూ ఉంటుంది. ఆ గుండెతోనే నిలకడగా గురి చూడాలి. దూరంగా ఐదు నల్లటి గుండ్రాలుంటాయి. పడుకుని కొట్టేటప్పుడు నిమ్మకాయంత, నిలబడి కొట్టేటప్పుడు సాసరంత. తగిలితే ఆ నలుపు మీద తెల్లటి మూత పడుతుంది. తగలకపోతే నల్లగానే ఉంటుంది. ఎన్ని నల్లగా మిగిలితే, పక్కనే ఉన్న చిన్న గుండ్రటి దారిలో అన్ని చుట్లు తిరిగి, ఆ తర్వాతే అసలు దారిలోకి వెళ్ళాలి. దాన్ని పెనాల్టీ లూప్ అంటారు. గుడి చుట్టూ ప్రదక్షిణం చేసినట్టే గానీ పుణ్యం రాదు. ఆ చుట్లు అప్పటికప్పుడు తిరగాలి, తర్వాత తిరుగుతానంటే కుదరదు. ఒక్క చుట్టు ఎగ్గొడితే జట్టు సమయానికి రెండు నిమిషాలు కలిపేస్తారు. అరక్షణం తేడాతో గెలిచే ఆటలో రెండు నిమిషాలంటే ఇంక ఇంటికి పోవచ్చు.

మా పిల్ల హైస్కూలు చివరి ఏడాదిలో ఉండగా, దేశదేశాల కుర్రకారు మా ఊరొచ్చి పోటీ పడే భాగ్యం పట్టింది. ఊరంతా పెళ్ళివారిల్లయింది. నార్వే పిల్లలు, రష్యా పిల్లలు, నేను పేరు కూడా సరిగా పలకలేని దేశాల పిల్లలు కిరాణా కొట్లో అరటిపళ్ళు కొనుక్కుంటూ కనిపించేవారు. వచ్చిన వాళ్ళకి చర్చి వాళ్ళు సూపులు కాశారు, రైతులు ట్రాక్టర్లతో మంచు ఎత్తారు. మా పిల్ల అమెరికా జట్టులో ఉంది. ఉందంటే చివరి పేరుగా ఉంది. ఇంటికి పది నిమిషాల దూరంలో జట్టుతో పాటు హోటల్లో ఉండేది, ఇంటికి రాకూడదని రూలు. పెరుగన్నం కలిపి డబ్బాలో పెట్టుకుని వెళితే, బయటి తిండి వద్దన్నారని డబ్బా గుమ్మంలోనే తిప్పి పంపింది.

ఒంటరి పందాలు రెండింట్లోనూ అది ఎక్కడో వెనక వచ్చింది. నాకు పెద్ద దిగులేమీ కలగలేదు, దానికీ కలిగినట్టు లేదు. చివరి రోజు మిక్స్‌డ్ రిలే. ఒక జట్టుకి నలుగురు, ముందు ఇద్దరు అమ్మాయిలు, తర్వాత ఇద్దరు అబ్బాయిలు. ఒకరు పరుగు ముగించి వచ్చి తర్వాతి వాళ్ళ వీపు మీద చెయ్యి వేస్తే వాళ్ళు బయల్దేరాలి. గురి తప్పితే విడిగా ఎక్కించుకోవడానికి ఇందులో మూడు తూటాలు ఎక్కువిస్తారు. మా పిల్ల ఆ నలుగురిలో లేదు. రెండో అమ్మాయిగా పరిగెత్తాల్సిన పిల్లకి ముందు రోజు జ్వరం వచ్చింది. సాయంత్రం ఫోన్ మోగింది.

"నన్ను వేశారమ్మా," అంది. ఎగిరి గంతేయాల్సిన పిల్ల గొంతు పీలగా ఉంది. అది చెప్పిందంతా నేను కూర్చుని విన్నాను. ఆ మిగతా ముగ్గురూ చాలా గట్టి పిల్లలట. సొంత మంచు మీద మెడల్ కొట్టే అవకాశం ఈ ఒక్క పందెంలోనే ఉందట. వయసు దాటిపోతోంది గనక వాళ్ళలో ఇద్దరికి ఇదే ఆఖరి ఏడాదట. ఇన్నాళ్ళూ తను తప్పినా తనకే తప్పింది గానీ, రేపు అలా కాదట.

"మెడల్ గురించి కాదమ్మా. నా వల్ల పోకూడదు. దట్స్ ఆల్," అంది.

ఏం కాదులే, బాగా పడుకో అన్నాను. మందులిమ్మంటే ఇవ్వగలను, వంట చేయమంటే చేయగలను. ఈ భయానికి నేనేం చెయ్యను? ఫోన్ పెట్టేసే ముందు అది ఒక్క మాట అడిగింది. రేపు పెనాల్టీ లూప్ పక్కన, కంచె దగ్గర నిలబడండి, మీరక్కడున్నారని నాకు తెలిస్తే చాలు అంది. అది మాత్రం చెయ్యగలం కదా అనుకున్నాను.

పొద్దున్నే వెళ్ళి చోటు పట్టుకున్నాం. ముక్కులో తడి గడ్డకట్టే చలి. అందరి చేతుల్లోనూ ఆవుల మెళ్ళో కట్టే గంటలున్నాయి, ఈ ఆటకి అదొక ఆచారం. నేను దేవుడి గదిలోని ఇత్తడి గంట పట్టుకెళ్ళాను. పక్కనున్న ఫిన్లాండ్ ఆవిడ దాని మోత విని ముచ్చటపడి, తన గంట నాకిచ్చి నాది కాసేపు వాయించుకుంది. మా ఆయన కళ్ళజోడు ఊపిరికి మసకబారుతుంటే తుడుచుకుంటూ, పెట్టుకుంటూ, మళ్ళీ తుడుచుకుంటూ నిలబడ్డాడు. చుట్లు లెక్కపెట్టే వాలంటీర్లు లూప్ లోపలి అంచున ఉన్నారు. వాళ్ళలో ఒకాయన మా పిల్ల బడి బస్సు నడిపినాయన. మమ్మల్ని చూసి టోపీ ఎత్తాడు.

మొదటి అమ్మాయి బాగానే పరిగెత్తింది. ముందు వరసలోని గుంపుని వదలకుండా వచ్చి మా పిల్ల వీపు మీద చెయ్యి వేసింది. అడవిలోకి వెళ్ళింది, పెద్ద తెర మీద కాసేపు కనిపించింది, కాసేపు కనిపించలేదు. తిరిగొచ్చి బోర్లా పడుకుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఐదూ తెల్లబడ్డాయి. నేను గంట ఎలా వాయించానంటే ఫిన్లాండ్ ఆవిడ నా భుజం పట్టుకుని నవ్వింది. మా పిల్ల లేచేసరికి మూడో స్థానంలో ఉంది. మైకులో దాని పేరు నానా రకాలుగా ఖూనీ చేసి చదివారు. చేస్తే చేశారు, మూడు అన్నది మాత్రం స్పష్టంగా వినిపించింది.

రెండోసారి వచ్చేసరికి గాలి లేచింది. తుపాకులు పేల్చే రేంజి పక్కన కట్టిన చిన్న జెండాలు అప్పటిదాకా ఒకవైపు ఊగుతున్నవి గిర్రున తిరిగాయి. నిలబడి కొట్టాలి. మొదటి రెండూ తగిలాయి. తర్వాత మూడూ తప్పాయి. తుపాకీ దించి, ఆ చలిలో ఒట్టి వేళ్ళతో, విడి తూటాలు ఒక్కొక్కటే ఎక్కించుకుంది. ఒకటి తగిలింది. ఇంకోటి తప్పింది. పక్కన వేరే దేశాల అమ్మాయిలు వచ్చి నిలబడుతున్నారు, కొట్టేసి పోతున్నారు. మా పిల్ల ఆఖరి తూటా పేల్చి, పేల్చీ పేల్చగానే తుపాకీ వీపున తగిలించుకుని కదిలింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూసుంటే రెండు నల్లగా మిగిలాయని తెలిసేది. ఆఖరిది తగిలిందనుకుందట, ఒక్కటే మిగిలిందనుకుందట. కోచ్ అవతలి నుంచి రెండు రెండు అని అరిచాడట గానీ, మైకు హోరులో, గంటల మోతలో అది ఎవరికి వినిపిస్తుంది?

లూప్‌లోకి వచ్చింది. మా ముందు నుంచే వెళ్ళింది, చుట్టూ తిరిగి వచ్చింది. ఒకటి అనుకున్నాను. దారి చీలే చోటు సరిగ్గా మాకు ఎదురుగానే ఉంది. ఎడమకి పోతే ఇంకో చుట్టు, కుడికి పోతే బయటికి. మా పిల్ల ఒళ్ళు కుడికి వాలింది. అది నా ముందు నుంచి దాటిపోయి రెండు బారల దూరంలో ఉంది. నేను నోరు తెరిచాను. ఊళ్ళో నా గొంతు సంగతి అందరికీ తెలుసు, గంటలేం, మైకులేం, నేను పిలిస్తే అది వినేది. "అమ్మలూ" అనబోయాను. "అ" దగ్గరే మా ఆయన చెయ్యి వచ్చి నా నోటి మీద పడింది. ఉన్ని గ్లవ్‌తో సహా.

"వెనక నుంచి పిలవకు," అన్నాడు.

ఈ మనిషి వర్జ్యం చూడడు, రాహుకాలం చూడడు. నేను పంచాంగం తిరగేస్తే వెక్కిరిస్తాడు. కానీ వాళ్ళింట్లో ఇదొక్కటి పాలతో పాటు పట్టించారు. గడప దాటిన మనిషిని వెనక నుంచి పిలవకూడదు, ఎక్కడికని అడగకూడదు. వెళ్ళిన పని కాదని. ఆయన ఆసుపత్రికి బయల్దేరాక ఫోన్ మర్చిపోయాడని నాకు తెలిసినా పిలవడానికి లేదు. చెప్పుల్లేకుండా మంచులోకి పరిగెత్తి, కారు చుట్టూ తిరిగి, ముందుకు వెళ్ళి నిలబడి చూపించాలి. ఏళ్ళ తరబడి చూపిస్తున్నాను. ఆ పూట ఆయన మసకబారిన కళ్ళజోడు చేతిలో పట్టుకుని ఉన్నాడు. ఎన్ని నల్లగా మిగిలాయో చూడలేదు. పిల్ల చుట్టు ముగించి పరుగుకి బయల్దేరిందని మాత్రం చూశాడు. నేను ఎప్పటిలా ముద్దుగా కేక వేయబోతున్నాననుకున్నాడు.

ఆయన చెయ్యి పీకేసేసరికి మా పిల్ల చెట్లలోకి వెళ్ళిపోయింది.

"ఇంకో చుట్టు ఉందండీ," అన్నాను. "రెండు మిగిలాయి. ఒకటే తిరిగింది."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని రేంజి వైపు చూశాడు. అప్పటికే ఆ వరస ఇంకో దేశం అమ్మాయిది, అందులో అన్నీ మళ్ళీ నల్లగా నిలబడి ఉన్నాయి. సరిగ్గా చూశావా అని అడిగాడు. మాత్రలు లెక్కపెట్టి బతుకుతున్నదాన్ని, రెండు కూడా లెక్కపెట్టలేనా అన్నాను. బస్సు నడిపినాయన వైపు చూశాను. ఆయన అట్ట మీద ఏదో రాస్తున్నాడు. రాసి, తలెత్తి, నేను చూస్తున్నానని చూసి, మళ్ళీ దించుకున్నాడు. మా పిల్లని కిండర్‌గార్టెన్ నుంచీ చెయ్యి పట్టి బస్సెక్కించిన మనిషి. ఆయన మాత్రం ఏం చేస్తాడు, చూసింది రాయాలి.

మా పిల్ల అడవిలోంచి వచ్చింది. తనని దాటినవాళ్ళని మళ్ళీ దాటుకుని మూడో స్థానంలోనే వచ్చింది. చివర్లో ముందున్న ఇద్దరికీ ఎంత దగ్గరయిందంటే, నాకే ఒక్క క్షణం అంతా మర్చిపోయి గంట వాయించబుద్ధయింది. మూడో పిల్లవాడి వీపు మీద చెయ్యి వేసి మంచులో కుప్పలా పడింది. వాడు దూసుకుపోయాడు. వాడికేం తెలుసు.

నేను కంచె వెంట పరిగెత్తాను. కోచ్‌కి చెప్పాలని, పిల్లకి చెప్పాలని, ఎవరో ఒకరికి చెప్పాలని. గేటు దగ్గర వాలంటీరు పిల్ల ఎంతో మర్యాదగా, తల్లిదండ్రులకి లోపలికి లేదమ్మా అంది. చెప్పినా ఒరిగేదేమీ లేదని నాకు తెలుసు. తప్పిపోయిన చుట్టు ఇప్పుడు తిరగడానికి లేదు. నేను అరిచి గీపెట్టినా ఆ రెండు నిమిషాలు ఎక్కడికీ పోవు. అయినా కాళ్ళు ఆగలేదు. మా ఆయన వెనకే వచ్చి నా చెయ్యి పట్టుకోబోయాడు. ముట్టుకోకండి అన్నాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

మళ్ళీ మా చోటుకే వచ్చి నిలబడ్డాం. అక్కడ నిలబడి ఆ ఇద్దరు అబ్బాయిలూ పరిగెత్తడం మొత్తం చూశాను. అంత కష్టమైన పని నేను ఇంకోటి చెయ్యలేదు. మూడో పిల్లవాడు పడుకున్నప్పుడు తగిలించాడు, నిలబడ్డప్పుడూ తగిలించాడు. వచ్చి గీత దగ్గర నిలువునా వాంతి చేసుకున్నాడు. నాలుగోవాణ్ణి ఆఖరి కొండ దగ్గర జర్మనీ పిల్లవాడు అందుకున్నాడు. ఇద్దరూ పక్కపక్కన స్టేడియంలోకి వచ్చారు. జనమంతా లేచి అరుస్తున్నారు. ఓడిపోరా నాయనా అనుకున్నాను. దేవుడు చూస్తుండగా అనుకున్నాను. నువ్విప్పుడు ఓడిపోతే, పోయేది నీ వల్ల పోయిందనుకుంటారు, నా పిల్ల జోలికి రారు. వాడు ఓడిపోలేదు. ఒళ్ళంతా ముందుకు విసిరి, స్కీ కొస తేడాతో మూడోవాడిగా గీత దాటాడు.

ఊరు ఊరంతా ఒక్క గొంతుతో అరిచింది. ముగ్గురూ వాడి మీద పడ్డారు. మా పిల్ల అందరికంటే పైన పడింది. లేచి, మంచు దులుపుకుని, జనంలో మా కోసం వెతికింది. నా ఎర్ర టోపీ కనిపించింది కాబోలు, చెయ్యెత్తి మూడు వేళ్ళు చూపించింది. ముఖం నిండా నవ్వు. పళ్ళూడిన వయసులో నవ్వినట్టు నవ్వింది. నేను కూడా చెయ్యెత్తి మూడు వేళ్ళు చూపించాను. చూపించకుండా ఎలా ఉండను? పక్కన ఫిన్లాండ్ ఆవిడ నన్ను కౌగిలించుకుని ఏడుస్తోంది. జేబులో ఫోన్ ఆగకుండా వణుకుతోంది. వాట్సాప్ గ్రూపులు అప్పుడప్పుడే వచ్చిన రోజులు. నేపర్‌విల్ నా స్నేహితురాలు ఇంటర్నెట్‌లో చూస్తూ అందరికీ చెప్పేసింది. ఫ్రిస్కో వాళ్ళు, కమ్మింగ్ వాళ్ళు, ఎప్పుడూ పలకరించని వాళ్ళు కూడా కంగ్రాట్స్ అని జెండా బొమ్మలు పంపుతున్నారు. మన తెలుగమ్మాయి అని ఎవరో రాశారు.

ఎవరూ గమనించలేదేమో అన్నాడు మా ఆయన. ఆ మాట అన్నప్పుడు నాకు ఆయన మీద కోపం కాస్త తగ్గింది, ఎంత ఆశగా అన్నాడని. పూలగుత్తులు పట్టుకుని ఇద్దరు బడిపిల్లలు బహుమతుల బల్ల దగ్గర నిలబడి ఉన్నారు. వాళ్ళని ఎవరో వచ్చి కాసేపు ఆగమన్నారు. కోచ్ పోటీ నడిపించే ఒక కోటు మనిషితో మాట్లాడి, టోపీ తీసి తల రుద్దుకుని, నలుగురి దగ్గరికీ నడిచాడు. మాకు మాటలు వినిపించలేదు. మా పిల్ల నవ్వు ముఖంతోనే వింటోంది. తర్వాత రేంజి వైపు తిరిగి చూసింది, లూప్ వైపు చూసింది, వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది. రెండో వేలు దగ్గర ఆగిపోయింది.

మైకులో రెండు నిమిషాలు కలిపి చదివారు. మా జట్టు మూడు నుంచి ఎక్కడికో కిందికి జారిపోయింది, ఎన్నో స్థానమో నేను వినలేదు. వాంతి చేసుకున్న పిల్లవాడు వచ్చి మా పిల్ల తల మీద చెయ్యి పెట్టాడు. మొదటి అమ్మాయి కౌగిలించుకుంది. ఆఖరివాడు ఏదో అని నవ్వించడానికి చూశాడు. ఆ పిల్లల మంచితనం నేను చూడలేకపోయాను. తిట్టినా బాగుండేది, దానికి తిరిగి తిట్టడానికో ఏడవడానికో ఒక దారి దొరికేది. అది కొయ్యలా నిలబడి అందరికీ సారీ చెబుతూ ఉంది. ఫోన్లో కంగ్రాట్స్ ఇంకా వస్తూనే ఉన్నాయి.

పొడిబట్టల సంచీ మా కారులో ఉంది గనక అది పార్కింగ్‌కి వచ్చింది. వెనక సీట్లో కూర్చుని, తలుపు తెరిచే ఉంచి, స్కీ బూట్లు విప్పుతోంది. నేను దాని పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాను. చెమట అప్పటికే చల్లబడి ఉంది. మా ఆయన తలుపు బయట నిలబడ్డాడు.

"నువ్వక్కడే ఉన్నావు కదమ్మా," అంది. "నీ టోపీ చూశా."

ఉన్నానన్నాను.

"కౌంట్ చేశావా?"

"చేశాను."

అది బూటు పట్టుకుని నా వైపు చూసింది. "మరి ఎందుకు చెప్పలా?"

జనం గోలలో వినిపించి ఉండదమ్మా అని నోటిదాకా వచ్చింది. అబద్ధమాడి అయినా ఆ పూట గట్టెక్కుదామనే అనుకున్నాను. అంతలో మా ఆయన, పిలవబోయింది, నేనే నోరు మూశాను అన్నాడు. ఎందుకో కూడా చెప్పాడు. బయల్దేరిన వాళ్ళని వెనక నుంచి పిలవకూడదని, పిలిస్తే వెళ్ళిన పని కాదంటారని, వాళ్ళమ్మ చెప్పేదని. తెలుగులో చెప్పి, దానికి అర్థమైందో లేదోనని మళ్ళీ ఇంగ్లీషులో చెప్పాడు. ఇంగ్లీషులో అది ఇంకా అన్యాయంగా ఉంది. ఇరవై ఏళ్ళుగా రోగుల బంధువులకి చెడ్డ కబుర్లు చెప్పిన మనిషి, మాట మాటకీ తడబడ్డాడు.

అది ఓపిగ్గా అంతా వింది.

"కానీ నేను వెళ్ళట్లా నాన్నా," అంది. "ఇంకో రౌండ్ ఉంది. మళ్ళీ అక్కడికే వచ్చేదాన్ని."

గొంతులో కోపం లేదు. ఏదో లెక్క తప్పు చేస్తే సరిచేసినట్టు చెప్పింది. మా ఆయన అవునమ్మా అన్నాడు. అది పొడి మేజోళ్ళు వేసుకుంది, మామూలు బూట్లు తొడుక్కుంది, లేసులు ముడి వేసుకుంది. జట్టు వ్యాన్ అవతల ఆగి ఉంది, ముగ్గురూ దాని పక్కన ఎదురుచూస్తున్నారు. మాతో ఇంటికి రమ్మన్నాను, ఇవాళ్టితో రూలు అయిపోయింది కదా అన్నాను. వాళ్ళతో వెళ్ళాలమ్మా అంది. సంచీ భుజాన వేసుకుని, మా ఇద్దరి మధ్యలోంచి దారి చేసుకుని, వ్యాన్ వైపు నడిచింది.

మా ఆయన దాని వెనక రెండు అడుగులు వేసి ఆగిపోయాడు. నా వైపు తిరిగాడు.

"పిలవనా?" అని అడిగాడు.

నేను ఆయన్ని దాటి వ్యాన్ వైపు చూశాను. అది నడిచిపోతూనే ఉంది.